గంజి పోయిన నూలు

ఏకాంబరకుప్పంలో ఆరున్నర ప్యాసింజరెక్కి
రేణిగుంటలో దిగితే, గాజులమండ్యం షెడ్డుకు
షేరాటోలో పది నిమిషాలు.
పెట్టెలో సగం మంది గుండు కొట్టించుకోను కొండకు పోయేవాళ్ళు.
నేనొకణ్ణే నల్లపోగుల కోసం పోయేవాణ్ణి.

మొదటి రోజు నేనూ వెంట్రుకలనే అనుకున్నా.
లారీలోంచి దించినారు, కోసిన గాలిమర రెక్క,
మా ఇంటి పొడుగు ముక్క.
అంచు చీలిన చోట కుచ్చులు కుచ్చులుగా నలుపు.
"వెంట్రుకలో పదో వంతు సన్నం. లాగితే ఉక్కుకే చేతకాదు"
అనింది యాస్మిన్ మేడం. పీలేరు పిల్ల,
నా చిన్న కూతురికన్నా రెండేండ్లు చిన్నది.

గాలి చొరబడని కొలిమి అది. ఐదు వందల డిగ్రీలు.
మంట లేదు, ఊరికే వేడి.
బంక పొగైపోతాది, ఆ పొగే మళ్ళీ కొలిమికి మేత.
సాయంత్రం చల్లారినాక తలుపు తీస్తే
రెక్క లేదు.
ట్రేలో నూలు పడుకోనుంటాది,
తలంటుకోని ఆరబెట్టుకున్నట్టు.

ముట్టుకున్నా. ముప్పై ఏండ్లు మగ్గం కాడ నిలబడిన వేళ్ళు.
"గంజి పోయింది మేడం" అన్నా.
"తెలుసు దొరైవేలూ, సైజింగ్ అంటారు.
డ్రమ్ము చెన్నైలో బయల్దేరింది."
నేనేదో కనిపెట్టినాననుకున్నా ఒక నిమిషం.
ఆ నిమిషం బాగుండె.

గంజి పట్టని నూలు మగ్గానికి లొంగదు.
ఇదీ అంతే, కొత్త బంకను దగ్గరికి రానీదు,
పలక పొరలు పొరలుగా ఊడొస్తాది.

ఇంక పడుగేది, పేకేది?
రెండంగుళాలకు తరిగి, దువ్వి, పరుస్తారు.
ఎట్ల పడిన పోగు అట్లే.
తెగిన పోగుకు ముడేసి, కొస పంటితో కొరికేవాణ్ణి.
ఇక్కడ అన్నీ తెగినవే.
మొదటి నెలంతా చేతులు ఊరకుండలా.

ఆడి నెల గాలి లేచిన రోజు
పిడికెడు నూగు ఎగిరి ప్యానెల్ బోర్డులో దూరింది.
టప్పుమనింది. షెడ్డంతా చీకటి.
పత్తి నూగు దగ్గు తెచ్చేది, అంతవరకే.
ఇది కరెంటును మోస్తాది.
"మీ మగ్గాలు ఆగిందీ కరెంటుకే గదా అన్నా"
అన్నాడు ఎలక్ట్రీషియన్ మొగిలి, చీకట్లోంచి.
ఎవురూ నవ్వలా.

నా మగ్గాలు నాలుగూ కిలో లెక్కన పోయినాయి.
కాటా మీదికి ఎక్కించే ముందర
ఒకదాని కడ్డీకి చుట్టుకోనున్న పసుపు పోగు తీసి
జేబులో వేసుకున్నా.
ఆ ఇనుము ఏ కారుకు బోల్టయిందో.

మేము చేసేది బ్యాటరీ మూత.
కారు పొట్ట కింద, ఎవురికీ కనపడని చోట.
ఆకాశంలో తిరిగింది
ఇప్పుడు రోడ్డుకు జానెడెత్తున.
"ఇంకోసారి కొలిమిలో పెడితే?" అడిగినా.
"పోగు ఇంకా పొట్టిదైపోతుంది. చిన్న వస్తువుకే పనికొస్తుంది."
"ఆ తర్వాత?"
మేడం నోటుబుక్కులో ఏదో రాసుకునింది.
నాకు చూపీలా.

ప్యాకింగుకు ముందర ఒక్కో మూతనూ
వేలు మడిచి తట్టి చూస్తా, సంతలో కుండను తట్టినట్టు.
ఆ పొద్దు నలభైలో ఒకటి మొద్దుగా పలికింది.
పక్కన పెట్టినా. మిషనులో చూసి వాళ్ళూ అదే అన్నారు.
ఈసారి మాత్రం ఎవురూ "తెలుసు" అనలా.

రాత్రి లైటు కింద పంకజం నా అరచెయ్యి తిప్పి పట్టుకోని
పిన్నీసుతో గెలుకుతా ఉండాది.
చొక్కా వేరేగా నానబెట్టింది, పిలకాయల బట్టల్తో కలపదు.
కంటికి ఆనీ ఆనని నల్లటి ముల్లు.
"ఎవురిదిది, వెంట్రుకా?"
"గాలిమరది."
నమ్మలా. ఉఫ్ మని ఊదింది.
అది యాడ పడిందో నాకూ తెలీదు.